పద్నాలుగో నంబరు గంట

మా వీధిలో పగటిపూట మనుషులుండరు. పొద్దున ఆరు యాభై రెండు రైలుకి సగం వీధి, ఏడు ఇరవై రెండు రైలుకి మిగతా సగం ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళిపోతుంది. సాయంత్రం ఆరున్నరకి అందరం స్టేషన్ నుంచి సైకిళ్ళ మీద తిరిగొచ్చి, బంగాళాదుంపలు ఉడకబెట్టుకుని తిని పడుకుంటాం. నేనిక్కడ ఉండబట్టి పదకొండేళ్ళు. చలికాలంలో నా ఇంటి ముందు తోట ఎలా ఉంటుందో శని, ఆదివారాల్లో తప్ప చూడను. మిగతా ఐదు రోజులూ చీకట్లో వెళ్ళి చీకట్లో వస్తాను.

పగలు ఇంట్లో ఉండే మనిషి వీధి మొత్తానికీ ఒక్కరే, పద్నాలుగో నంబరు ట్రూస్ గారు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, ఒంటరిది. ఎవరికి పార్సిల్ వచ్చినా తెచ్చే అతను మా తలుపులు కొట్టడం దండగని నేరుగా ఆవిడ దగ్గరికే పోతాడు. మా తలుపులకి ఉత్తరాలు వేయడానికుండే కన్నంలోంచి మాత్రం ఒక చీటీ పడేసి పోతాడు: మీ పార్సిల్ 14లో ఉంది. సాయంత్రం మేం వెళ్ళి గంట కొడతాం. ఆవిడ మా పెట్టెలన్నీ హాల్లో గోడవారగా ఇంటి నంబర్ల వరసలో పేర్చి ఉంచుతుంది. "ఇదిగో వెసెల్, నీది. బరువుంది, నడుం జాగ్రత్త," అంటుంది. "లోపలికి రా, కాసేపు కూర్చుని పో," అంటుంది. "ఇంకోసారి వస్తా ట్రూస్ గారూ," అంటాం. ఎన్ని ఇంకోసార్లు బాకీ ఉన్నానో నాకే తెలియదు.

జనవరిలో ఒక మంగళవారం ఇంటికొచ్చేసరికి నా గుమ్మంలో వేరే రకం చీటీ పడి ఉంది. మీరు లేరు, పొరుగువారు కూడా లేరు, రేపు మళ్ళీ వస్తాం. నాకు ఒళ్ళు మండింది. తెప్పించుకున్నది ఏమైనా ప్రాణం నిలబెట్టే మందా అంటే కాదు, సైకిల్ సీటుకి వాన తొడుగు. అయినా ఆ రోజు రైలు నలభై నిమిషాలు ఆలస్యం, పైగా సీటు తడిసి ముద్దయింది. ఎవరిమీదో ఒకరిమీద విరుచుకుపడాలని ఉంది.

వెళ్ళి పద్నాలుగో నంబరు గంట కొట్టాను. హాల్లో దీపం వెలుగుతోంది. మళ్ళీ కొట్టాను. పలుకు లేదు. ఇంట్లోనే ఉండి తలుపు తీయడం లేదన్నమాట, మా పార్సిళ్ళంటే విసుగొచ్చిందన్నమాట అనుకున్నాను. జేబులోంచి పెన్ను తీసి, ఆ చీటీ వెనకాలే రాశాను: "ట్రూస్ గారూ, ఇక తీసుకోవడం ఇష్టం లేకపోతే ముందే చెప్పాల్సింది. వెసెల్, 11." తలుపు కన్నంలోంచి లోపలికి తోసి, ఇంటికెళ్ళి భోజనం చేశాను. ఆకలి కూడా బాగానే వేసింది.

బుధవారం సాయంత్రం మళ్ళీ అదే రకం చీటీ. ఈసారి ఊరుకునేది లేదని వెళ్ళి గంట మీద వేలు తియ్యకుండా నొక్కాను. హాల్లో ఆ దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. లోపల ఉన్నదో లేదో తేల్చుకుందామని వంగి, కన్నం మూత ఎత్తి చూశాను. మెట్ల కింద, నేలమీద, మేజోడు వేసిన ఒక కాలు కనిపించింది.

ఫోన్ చేసిన ఏడు నిమిషాలకి అగ్నిమాపక దళం వచ్చి తలుపు పగలగొట్టింది. వాళ్ళ వెనకే లోపలికెళ్ళాను. మంగళవారం తెల్లవారుజామున మెట్లు దిగుతూ జారిపడిందట. తుంటి విరిగి, ఒకటిన్నర రోజు అలాగే పడి ఉంది. కళ్ళు మూసుకుని ఉంది, ఊపిరి ఆడుతోంది. కుడిచేతి గుప్పిట్లో నా చీటీ ఉంది. వాళ్ళు స్ట్రెచర్ కోసం అటు తిరిగారు. చెయ్యి పట్టుకుని ధైర్యం చెబుతున్నట్టు మోకాళ్ళమీద కూర్చుని, వేళ్ళు విడదీసి ఆ చీటీ లాక్కుని జేబులో వేసుకున్నాను. ఇంతకంటే నీచమైన పని నా జన్మలో చేయలేదు.

మర్నాటికి నేను వీధికి దేవుణ్ణయిపోయాను. తొమ్మిదో నంబరు హార్మెన్ ప్లాట్‌ఫారం మీద పదిమంది ముందు నా భుజం చరిచాడు.

"మేమంతా మొద్దుల్లా ఉన్నాం, నీ ఒక్కడికే అనుమానం వచ్చింది చూడు! అసలు ఎలా పసిగట్టావయ్యా?"

"దీపం... వెలుగుతూనే ఉంటేనూ," అన్నాను.

మా ఆవిడ ఇల్సె కూడా ఆఫీసులో అందరికీ చెప్పుకుందట. మూడో నంబరు వాళ్ళు ఆపిల్ కేకు చేసి పంపారు. ఒక ముక్క తిన్నాను. గొంతు దిగలేదు, దింపాను.

శనివారం ఆసుపత్రికెళ్ళాను. చెప్పేస్తే తప్ప నిద్రపట్టేలా లేదు. దిండ్ల మధ్య ఆవిడ సగమైపోయి ఉంది. గొంతు మాత్రం పాతదే.

"ట్రూస్ గారూ, ఆ చీటీ..."

"నీదేగా. కాగితం చిరిగేట్టు రాశావు, అంత కోపమేమిటయ్యా?"

"మీ చేతిలోంచి తీసేసింది కూడా నేనే."

"తెలుసు. నాకు తెలివుంది అప్పుడు. కళ్ళు తెరిచే ఓపిక లేదంతే." కాస్త ఆగి ఊపిరి తీసుకుంది. "అది వచ్చి నా చేతికందేంత దగ్గర్లో పడ్డాకే సాయంత్రమైందని తెలిసింది నాకు. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. పోన్లే, వీడికి కోపమొచ్చింది, పార్సిల్ వదిలే రకం కాదు, రేపు మళ్ళీ వస్తాడు అనుకున్నా. రాత్రంతా దాన్నే పట్టుకుని ఉన్నా. వచ్చావుగా."

తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

"నేను మీకోసం రాలేదండీ. పార్సిల్ కోసమే వచ్చాను."

"నేననేదీ అదే కదా."

"వీధిలో అందరికీ ఉన్నదున్నట్టు చెప్పేస్తాను."

"చెప్పావో, చూడు!" వేలు చూపించింది. "ఆ రెండు రోజుల్లో నా గంట ఎన్నిసార్లు మోగిందో తెలుసా? చీటీ నీ ఒక్కడికే వచ్చిందనుకున్నావా? నువ్వు నోరు తెరిస్తే వాళ్ళందరికీ వాళ్ళ చీటీలు గుర్తొస్తాయి. తప్పు చేశామనుకున్నవాళ్ళు మొహం చాటేస్తారబ్బాయ్. మీ క్షమాపణలు నేనేం చేసుకోను? నాకు మనుషులు కావాలి."

చెప్పనని మాటిచ్చాను. ఇవ్వడం తేలికగానే ఉంది, అదే సిగ్గుచేటు.

మార్చిలో ఆవిడ ఇంటికొచ్చింది. మంచం మేడమీంచి కింది గదిలోకి దించారు, చక్రాల బండి పట్టుకుని నడుస్తోంది. ఆ వారమే వీధి గ్రూపులో హార్మెన్ రాశాడు, పాపం ట్రూస్ గారిని ఇక ఇబ్బంది పెట్టొద్దు, పార్సిళ్ళన్నీ స్టేషన్ దగ్గర లాకర్లకి తెప్పించుకుందాం అని. అందరికంటే ముందు సరేనన్నది నేనే. ఆ గంట మళ్ళీ కొట్టక్కర్లేదని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఏప్రిల్‌కి సాయంత్రాలకి వెలుగొచ్చింది. ఆరున్నరకి నేనొచ్చేసరికి ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేది. చెయ్యెత్తేది. నేను సైకిల్ గొలుసేదో చూసుకుంటున్నట్టు తల వంచుకుని పోయేవాణ్ణి. హార్మెన్ వెనక సందులోంచి రావడం మొదలుపెట్టాడు. మొహం చాటేయడానికి నేనెవరికీ ఏమీ చెప్పనక్కర్లేదని తేలింది.

ఒక గురువారం ఇంటిదాకా పోయి, సైకిలు లోపల పెట్టేసి కూడా, మళ్ళీ రోడ్డు దాటాను. గంట కొట్టాను. లోపల చక్రాల చప్పుడు మొదలైంది.

"వస్తున్నా, వెళ్ళిపోకు! వస్తున్నా!"

తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. నన్ను చూసి, వెనక్కి తిరిగి హాలు గోడవైపు చూసింది. అక్కడేమీ లేదు. ఆవిడ మొహం చిన్నబోయింది.

"నీ పేరున ఏమీ రాలేదే వెసెల్. పగలంతా ఇక్కడే ఉన్నాను, కునుకు కూడా తీయలేదు. గంట మోగితే వినపడి ఉండేది. నిజం, మోగలేదు."

మిమ్మల్ని చూసిపోదామని వచ్చాను అనాలి. అంతే, ఒక్క మాట. పదకొండేళ్ళలో ఎప్పుడూ అననిది ఈ రోజు అంటే ఎందుకంటున్నానో ఆవిడకి తెలిసిపోతుంది.

"ఏదో రావాల్సి ఉందండీ. బహుశా రేపేమో," అన్నాను.

ఆవిడ మొహం విప్పారింది.

"అలా చెప్పు మరి! రానీ. నేనెక్కడికి పోతాను, ఇంట్లోనే ఉంటా."

ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా ఫోన్ తీశాను. కొనడానికి చేతికందినదేదో ఎంచుకున్నాను, ఏమిటో సరిగా చూడలేదు. లాకరు తీసేసి మా ఇంటి చిరునామా పెట్టాను. రేపు మధ్యాహ్నం ఇంట్లో ఎవరైనా ఉంటారా అని ఫోన్ అడిగింది. ఎవరూ ఉండరు, పద్నాలుగో నంబరులో ఇవ్వండి అని నొక్కాను.