మూడు చక్రాల పందెం

సొకోరో డెబ్బయ్యో పుట్టినరోజుకు కూతురు మరీబెల్ ఇచ్చిన కానుక మూడు చక్రాల సైకిలు. వెనక బుట్ట, పక్కన జెండా, హ్యాండిలుకు గులాబీరంగు రిబ్బను. అందరి ముందూ సొకోరో నవ్వింది గానీ లోపల ఒళ్ళు మండిపోయింది. ఏప్రిల్లో సైకిలుదారి మీద ఒక్కసారి పడిన మాట నిజమే, అదీ కుందేలు అడ్డొస్తే. ముప్పయ్యేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషిని ఒక్క కుందేలు ముసలిదాన్ని చేసేసింది.

"మెల్లగా తొక్కమ్మా, పడతావు" అనటం అప్పట్నుంచీ మరీబెల్‌కు జపమైపోయింది.

వాదించి వాదించి తల్లీకూతుళ్ళు పందెం వేసుకున్నారు. తాముండే ఎడారి ఊరు టూసాన్ చుట్టూ ఎండునదుల గట్ల వెంబడి తిరిగే సైకిలుదారి యాభైనాలుగు మైళ్ళు. ఒక్క పొద్దులో మొత్తం చుట్టి మధ్యాహ్నం పన్నెండులోపు బయలుదేరిన చోటికి చేరితే మూడు చక్రాల బండి దుకాణానికి వాపసు. చేరకపోతే పాత సైకిలుకు సెలవు. కార్ల రోడ్డు మీద గజం కూడా తొక్కకూడదు. దారి పొడుగునా సాక్షి ఉండాలి.

సాక్షిగా మరిది చేమాను తీసుకోవటం సొకోరో చేసిన తప్పు. నలభయ్యేళ్ళు క్షౌరశాల నడిపి మానేశాడతను. చేతులకు విశ్రాంతి దొరికింది గానీ నోటికి దొరకలేదు.

జూలై ఎండలకు భయపడి తెల్లవారకముందే బయలుదేరారు. మైళ్ళు ఎవరు లెక్కపెడతారు, వంతెనలూ మంచినీళ్ళ కుళాయిలూ లెక్కపెట్టుకుంటూ పోయారు.

"వదినా, కాస్త ఆగు. నా ఊపిరి రెండు వంతెనల వెనకే ఉండిపోయింది."

"కేకేసి పిలుచుకో. నేనాగను."

ఆగాల్సి వచ్చింది. సిమెంటు దారికి అడ్డంగా తోక గలగలలాడించే పాము ఒకటి తీరుబడిగా పడుకుంది. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు సైకిళ్ళు దిగి, అది కదిలేదాకా మర్యాదగా నిలబడ్డారు. అందులో ఇరవై నిమిషాలు పోయాయి.

పదకొండుంబావుకు మూడు మైళ్ళే మిగిలాయి. సొకోరోకు మోకాళ్ళు పీకుతున్నా ప్రాణం హుషారుగా ఉంది. రిలిటో నది మీద ఆఖరి వంతెన కనిపించింది. దాని కిందనుంచి దూరితే ఇక ఇల్లే. అప్పుడు ఎవరో అరిచారు.

"నది వస్తోంది!"

ఆకాశంలో మబ్బుతునక లేదు. రాత్రి కొండల మీద కురిసిన వాన ఇప్పటికి ఊళ్ళోకి దిగింది. కొమ్మలూ నురగా ఓ టైరూ మోసుకుంటూ ఎర్రటి నీళ్ళు ఇసుకను మింగుకుంటూ వచ్చాయి. వంతెన కింది దారి కళ్ళముందే మునిగిపోయింది. క్షణాల మీద గట్టంతా జనం. మడతకుర్చీలు వచ్చాయి, ఐసు పెట్టెలు వచ్చాయి, పిల్లలు భుజాలెక్కారు.

చేమా సైకిలు పక్కన పడేసి గట్టు మీది కమ్మీ పట్టుకున్నాడు.

"చేమా, పైకెక్కి రోడ్డు దాటుదాం పద!"

"నదొచ్చింది వదినా!"

"కనిపిస్తోందయ్యా. టైమవుతోంది!"

"నీ దారి రోజూ ఉంటుంది. నది ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప. పది నిమిషాలాగు."

ఆ ఊళ్ళో నది దగ్గర పది నిమిషాలంటే సాయంత్రం దాకా అని సొకోరోకు తెలియదా? సాక్షి లేకపోతే చేరినా చేరనట్టే. ఆమెకు ఏడుపు వచ్చినంత పనైంది. మూడు చక్రాలకు కాదు ఆమె భయం. ఇవాళ సైకిలు, రేపు కారు తాళాలు, ఎల్లుండి ఇంటి తాళాలు.

తలెత్తేసరికి వంతెన మీద గులాబీరంగు రిబ్బను ఎగురుతోంది. పళ్ళ డాక్టరు దగ్గర పని వదిలేసి మరీబెల్ కూడా నది చూడ్డానికి పరిగెత్తుకొచ్చింది. కారు పెట్టే చోటు దొరకదని తల్లి గ్యారేజీలోంచి మూడు చక్రాల బండి తీసుకొచ్చింది.

సొకోరో సైకిలు తోసుకుంటూ గట్టెక్కింది. మరీబెల్ జాలిగా చూసింది.

"దారి మూసుకుపోయింది కదమ్మా. ఇంకో రోజు..."

"రోడ్డు మీద తొక్కకూడదన్నావు. నడిచి దాటొద్దనలేదు. ఆ బాబాయి ఇక కదలడు. సాక్షివి నువ్వే, ఎక్కు!"

రోడ్డు నడిచి దాటి, అవతల దారి అందుకోగానే సొకోరో సైకిలెక్కింది. వెనక మరీబెల్ బండి మలుపు మలుపుకీ ఒరుగుతూ, దారంతా తానే ఆక్రమిస్తూ వచ్చింది. "ఎడమనుంచి వస్తున్నాం, తప్పుకోండి!" అంటూ ఎవరెవరో ఆమెను దాటిపోయారు. ఒక తాతగారు కూడా దాటి, టోపీ ఎత్తి మరీ వెళ్ళాడు.

ఆఖరి మలుపులో బండి చక్రం ఇసుకలో దిగబడింది. పదకొండూ యాభై.

"నువ్వు పో అమ్మా!"

"నువ్వు చూడకపోతే ఎవరు నమ్ముతారే, నువ్వే నమ్మవు!"

సొకోరో వెనక్కొచ్చి భుజం ఆనించి బండిని దారి మీదికి నెట్టింది. రెండు నిమిషాలు తక్కువ పన్నెండుకు, తాము బయలుదేరిన కుళాయిని చేత్తో తాకింది. మరీబెల్ వచ్చి గట్టు మీద కూలబడింది. తల్లి తను తాగకముందే కూతురికి నీళ్ళు పట్టిచ్చింది.

"ఈ బండి వాపసు ఇవ్వకమ్మా," అంది మరీబెల్, ఊపిరి దొరికాక. "నేనుంచుకుంటా."

"నలభై నిండాయో లేదో, అప్పుడే మూడు చక్రాలా?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. అంతలో ఫోను మోగింది. చేమా.

"వదినా, నది ఇంకా పెరుగుతోంది! ఎక్కడున్నారు, రండి!"

సొకోరో అప్పటికే సైకిలెక్కింది. వెనకనుంచి మరీబెల్ కేకేసింది.

"మెల్లగా తొక్కమ్మా!"

సొకోరో విసుగ్గా వెనక్కి తిరిగింది.

"పడతావని కాదు. నేనందుకోలేను."