కొండెక్కిన గ్యాసు బండి

ఏమయ్యా చంద్రూ, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. నెల రోజులుగా చూస్తున్నాను, మేడ మెట్ల మీద కూర్చుని కార్ల వీడియోలు చూడడమే నీ ఉద్యోగమైపోయింది. కొనేది ఒక్క బండి, చూసినవి మూడొందల వీడియోలు. పెళ్ళిచూపుల్లో మీ ఆవిడ నిన్ను ఇందులో పదో వంతు పరీక్షగా చూసి ఉంటే నీకు ఈ జన్మలో పెళ్ళయ్యేదా?

ఇప్పుడు వచ్చి నన్ను అడుగుతున్నావు, ఏ ఇంజను మంచిది మామా అని. ఎనిమిదో క్లాసులో రెండేళ్ళు కూర్చుని లేచి వచ్చేసినవాణ్ణి, నన్నా అడిగేది? సరే, విను. ఆ కొత్త చిన్న కారుకి ఇంజన్లు మూడు రకాలు. మొదటిది మామూలు పెట్రోలు. ఒకటీ పాయింటు రెండు లీటర్లు, నాలుగు సిలిండర్లు, పిల్లి నడిచినట్టు నడుస్తుంది. రెండోది టర్బో. ఒక్క లీటరే, మూడు సిలిండర్లే, కానీ కాలు ఆనించావంటే తోక తొక్కిన పిల్లిలా దూకుతుంది. మూడోది గ్యాసు. అదేమీ వేరే ఇంజను కాదు, ఆ మొదటిదానికే గ్యాసు తాగడం కూడా నేర్పారు. పెట్రోలుతో స్టార్టవుతుంది, తర్వాత తనంతట తానే గ్యాసులోకి మారిపోతుంది. బలం కాస్త తక్కువ, ఖర్చు చాలా తక్కువ. ఇంతే విషయం. దీన్నే నీ వీడియోల వాళ్ళు చేతులు ఊపుతూ అరగంట చెబుతారు.

ఏది కొనాలో మాత్రం నేను చెప్పను. మా కేశవన్ బావని ఆ కారులో తిరుత్తణి కొండ ఎక్కించిన సంగతి చెబుతాను, నువ్వే తేల్చుకో.

కేశవన్ బావంటే మా వళ్ళియమ్మక్క మొగుడు. పొదటూరుపేటలో ఎనిమిది పవర్లూములు నడుపుతాడు. వాళ్ళకి ఒకటే కూతురు, కవిప్రియ. అది మగ్గం ముందు కూర్చునే రకం కాదు. కొత్త కొత్త రంగుల్లో కాటన్ చీరలు నేయించి, మూటలు తనే మోసుకెళ్ళి అమ్ముతుంది. బస్సులో తిరుత్తణి, అక్కణ్ణించి రైల్లో తిరువళ్ళూరు. అక్కడ ఒక పెద్ద షాపువాళ్ళకి దాని చీరలు నచ్చాయి. ప్రతి సోమవారం పది గంటలకల్లా సరుకు మా కౌంటర్ మీద ఉంటే ఏడాదంతా నీ దగ్గరే తీసుకుంటాం అన్నారు. మొదటి వారం బస్సు రాలేదు. రెండో వారం రైలెక్కడానికే చోటు లేదు. ఇంకొక్క సోమవారం లేటయితే వేరేవాళ్ళని చూసుకుంటాం అని చెప్పేశారు. బండి లేకపోతే ఆ షాపు పోయినట్టే.

పిల్ల బాగా ఆలోచించే గ్యాసు బండి ఎంచుకుంది. రోజూ తిరగాలి కదా మరి. బ్యాంకువాళ్ళు తండ్రి సంతకం ఉంటే చాలన్నారు. ఆ సంతకం దగ్గరే కథంతా ఆగిపోయింది.

ఎందుకంటే ఆ ముందు ఆదివారం మా వీధిలో ఒక గృహప్రవేశం. పంక్తిలో అందరం కూర్చున్నాం. ఎదురు వరసలోంచి సుందరరాజ్ అని మా దూరపు చుట్టం, వాడికి నోరు ఊరుకోదు, బావని గిల్లాడు. "ఏం కేశవన్నా, మీ పాప గ్యాసు బండి కొంటా ఉండాదంట గదా. షేర్ ఆటోకి చెల్లెలా అది?"

అందరూ నవ్వారు. బావ ముఖం మిరపకాయైంది. ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు. "గ్యాసుతో పొయ్యి మండుతాది గానీ బండి నడుస్తాదా? నడిచినా తిరుత్తణి కొండెక్కుతాదా? నేను గ్యాసు బండిలో కాలు పెడితే నా పేరు కేశవనే కాదు!"

నలభై మంది విన్నారు. మా వాళ్ళలో పంక్తిలో అన్న మాటంటే చాలా పెద్ద మాట. కోర్టులో చెప్పింది మార్చుకున్నా ఎవరూ పట్టించుకోరు. పంక్తిలో అన్నది మార్చుకుంటే మాత్రం ఆ తర్వాత ఎక్కడ తినడానికి కూర్చున్నా సాంబారు పోసేవాడు కూడా నవ్వుతూనే పోస్తాడు.

వారం తర్వాత కవిప్రియ మా ఇంటికి వచ్చింది. ఏడవలేదు కానీ ఏడ్చినదానికంటే అధ్వానంగా ఉంది.

"మామా, టర్బో అయితే సంతకం పెడతాను అంటాడు నాయిన. దానికి పోసే పెట్రోలు ఖర్చుకి నేను చీరలమ్మేదానికన్నా సుమ్మా ఊరికే ఇంట్లో పండుకోవచ్చు."

"మీ నాయిన్ని ఆ గ్యాసు బండిలో ఒక్కసారి కూచోబెట్టు పాపా. నచ్చితే తనే పెడతాడు."

"ఎట్ల కూచుంటాడు మామా? పంక్తిలో అనేసినాడు గదా."

"టర్బో అనుకోని కూచుంటే?"

అది నా ముఖం చూసింది. "అది మోసం గదా మామా?"

"మోసం గాదు పాపా, వైద్యం. మందు చేదుగా ఉంటే బెల్లంలో పెట్టి ఇస్తారు గదా, అట్లా."

మర్నాడు, సోమవారం, తిరువళ్ళూరు షోరూముకి వెళ్ళాను. కార్లు అమ్మే అమ్మాయి పేరు అభినయ. తెలుగు పిల్లే. విషయం చెప్పగానే రెండు చేతులూ ఎత్తేసింది.

"అయ్యో అంకుల్, కస్టమర్‌కి అబద్ధం చెప్తే నా ఉద్యోగం పోతాది."

"నిన్ను అబద్ధం చెప్పమన్నది ఎవురమ్మా? గ్యాసు బండి తీసుకోని రా. నోరు మాత్రం తెరవద్దు. అబద్ధాలన్నీ నేనే చెప్తాను, నాకు అలవాటే."

గురువారం పొద్దున ఎనిమిదికల్లా అభినయ బండి తెచ్చి వీధి చివర ఆపింది. ఎర్ర రంగు, పండిన మిరపకాయలా నిగనిగలాడుతోంది. చిక్కల్లా వెనకాల తలుపు మీదుంది. ఇది గ్యాసు బండి అని వెండి అక్షరాలు కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి. నేను ముందే తడిపి పెట్టుకున్న విభూతి తీసి, ఆ అక్షరాల మీద మూడు వేళ్ళతో దట్టంగా మూడు పట్టెలు లాగాను. నడుమ కుంకుమ బొట్టు పెట్టాను. మురుగన్ కొండకి పోయే బండి, విభూతి తుడిచే ధైర్యం మా వాళ్ళలో ఎవరికుంది చెప్పు? లోపల గ్యాసు బటను దగ్గర చిన్న పచ్చ లైటు వెలుగుతుంటే దాని మీద ఒక వేలాయుధం స్టిక్కరు అంటించాను. సుబ్రహ్మణ్యుడి ఆయుధమే అడ్డం నిలబడితే ఇంకెవరు చూస్తారు?

టర్బో బండి తెస్తారు, కొండెక్కించి చూద్దాం అని ముందే చెప్పి ఉంచాను కాబట్టి బావ తెల్ల చొక్కా వేసుకుని, భుజానికి పసుపు గుడ్డసంచి తగిలించుకుని వచ్చాడు. బండి చుట్టూ ఒక రౌండు కొట్టాడు. తలుపు తీసి మూశాడు. మళ్ళీ తీసి మూశాడు.

"తలుపు చప్పుడు బాగుండాది వరదా. బీరువా మూసినట్టు ఉండాది."

నా పేరు వరదన్. ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను.

తర్వాత బావ వెనక్కి వెళ్ళాడు. విభూతి చూసి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. అంతటితో ఆగాడా? ఆ పట్టెల్లోంచే వేలితో ఒక చిటికెడు గీకి నుదుటికి పెట్టుకున్నాడు! అక్కడ ఒక అక్షరం సగం బయటపడింది. నేను చప్పున అక్కడికెళ్ళి నిలబడి, నా వీపుతో దాన్ని కప్పేశాను.

"ఏందప్పా, బండికి ఆనుకోని నిలబడినావు?"

"కాలు నొప్పి బావా."

బండి బరువు మోస్తుందో లేదో చూద్దామని తెచ్చిన చీరల మూటలు నాలుగు పెట్టడానికి, గీకినచోట మళ్ళీ విభూతి రుద్ది నేనే డిక్కీ తెరిచాను. గ్యాసు సిలిండర్లు అడుగున పలక కిందే దాచేశారు కాబట్టి మూటలన్నీ చక్కగా పట్టాయి. బావ ఆ పలక మీద వేళ్ళతో తట్టాడు.

"అడుగు ఇంత ఎత్తుగా ఉండాదేమి?"

"టర్బోకి గాలి ఆడొద్దా బావా? ఆ కింద నుంచే పోతాది."

"ఓహో. అవును, గాలి గావాల గదా," అని తలూపాడు. అభినయ ముఖం తిప్పుకుని దగ్గింది.

కవిప్రియ స్టీరింగు దగ్గర కూర్చుంది. పక్కన బావ. వెనక నేను, వళ్ళియమ్మక్క, అభినయ. వెనక ముగ్గురికి కొంచెం ఇరుకే, నిజం చెప్పాలి కదా. నడుమ కూర్చున్నవాళ్ళు ఊపిరి వంతులేసుకుని పీల్చాలి. కానీ మోకాళ్ళ నొప్పుల మా అక్క ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది, అది చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఏసీ వేసిన రెండు నిమిషాలకే అక్క కొంగు కప్పుకుంది. క్లచ్చు వెన్నలా ఉందంది కవిప్రియ. గుంటల్లో పడ్డప్పుడు వెనక కాస్త గట్టిగా తగిలింది, అయినా మా పేట రోడ్డు మీద పల్లకీలో పోయినా నడుం పట్టేస్తుంది.

దారంతా బావ ఒకటే పొగడ్త. "చూసినావా వరదా, టర్బో అంటే ఇదిరా! ఎట్ల లాగతా ఉండాదో చూడు!" నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు మింగాను. మింగీ మింగీ కడుపు నొప్పి వచ్చింది.

తిరుత్తణిలో కొండ దారి మొదలైంది. బండిలో అయిదుగురు, వెనక నాలుగు మూటలు. సగం దారి పైకెళ్ళాక ముందు పోతున్న టూరిస్టు వ్యాను ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనక బస్సు వచ్చి మమ్మల్ని ఆనుకున్నట్టే నిలబడింది. బండి నిటారు ఎత్తు మీద ఆగింది. వ్యాను కదిలి వెళ్ళిపోయింది, వెనక బస్సువాడు హారను కొడుతూనే ఉన్నాడు.

ఇక్కడే తేలాలి. బండి వెనక్కి జారిందంటే బావ దిగిపోతాడు, సంతకం పోతుంది, షాపు పోతుంది. కవిప్రియ చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. అక్క "మురుగా, మురుగా" అంటోంది. నేను కూడా నవ్వు మర్చిపోయాను.

"భయపడొద్దక్కా, బ్రేకు వదిలినా కొంచెంసేపు అదే పట్టుకోనుంటాది," అంది అభినయ కవిప్రియతో మెల్లగా. పొద్దుటినుంచి అది నోరు తెరవడం అదే మొదలు.

కవిప్రియ ఏసీ ఆపింది. మొదటి గేరు. క్లచ్చు మెల్లగా వదిలింది. బండి ఒక్క క్షణం వణికింది. ఒక్క అంగుళం కూడా వెనక్కి పోలేదు. తర్వాత కడుపులోంచి ఒక మూలుగు మూలిగి, ఏనుగు లేచినట్టు లేచి ముందుకు నడిచింది. ఒక వంపు, ఇంకో వంపు. వెనక బస్సు చిన్నదైపోయింది. రెండో గేరు పడింది. "పో తల్లీ పో!" అని అరిచాను. అక్క చప్పట్లు కొట్టింది. బావ డాష్‌బోర్డు మీద చేత్తో దరువేస్తున్నాడు. కొండపైన బండి ఆగినప్పుడు కవిప్రియ ముఖం చూడాలి నువ్వు. కొండని తనే మోసుకొచ్చినట్టు ఉంది.

ఇంక నేను ఆగుతానా? ఫోను తీసి, వీడియో పెట్టి, మా చుట్టాల గ్రూపు మొత్తం చూసేట్టు బావని బండి వెనక్కి లాక్కెళ్ళాను. తువ్వాలుతో విభూతి తుడిచేశాను. అపచారమే, చెంపలు వేసుకున్నాలే.

"చదువు బావా! నువ్వు ఎక్కొచ్చింది టర్బో గాదు, గ్యాసు బండి! మన గ్యాసు బండి కొండెక్కింది!"

బావ నోరు తెరిచాడు. తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యయ్యో! నన్ను ఇట్ల ఏమార్చినావా వరదా!" అని ఫోనులోకి చూస్తూ కేక పెట్టాడు. ఆ వీడియో పంపిన అయిదు నిమిషాల్లో నలభై మంది నవ్వులు పంపారు. అందరికంటే ముందు సుందరరాజే. నేను తిరుత్తణి కొండ మీద రాజులా నిలబడ్డాను.

కవిప్రియ మాత్రం భయంభయంగా దగ్గరికి వచ్చింది. "నాయినా, కోపమా?"

"కోపమెందుకు పాపా? కొండెక్కిందా లేదా? ఓడిపోయినా, అంతే," అని బావ పసుపు సంచిలో చెయ్యి పెట్టి, మడత పెట్టిన బ్యాంకు కాగితం తీసి దాని చేతిలో పెట్టాడు. "పో, ఈ పొద్దే బుక్కు చేయి. సోమవారం పది గంటలకి షాపులో ఉండాల."

అది కాగితం విప్పింది. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు. అంతలో ఆ నవ్వు ఆగింది. "నాయినా, సంతకం కింద పోయిన శుక్రవారం తేదీ గదా ఉండాది?"

నేను కాగితం లాక్కున్నాను. శుక్రవారమే. నేను షోరూముకి పోయింది సోమవారం కదా!

బావ నా భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు. "ముప్పై ఏండ్లు పవర్లూము సద్దులో బతికినోణ్ణి వరదా. నాలుగు సిలిండర్లేవో, మూడు సిలిండర్లేవో నా చెవికి తెలీదా? తెలిసి ఎక్కితే పంక్తిలో మాట పోతాది. ఏమారి ఎక్కితే నవ్వి వదిలేస్తారు. నన్ను ఏమార్చేదానికి ఈ జిల్లాలో నువ్వు దప్ప ఎవురుండారు? పది దినాలుగా నీకోసమే కాచుకోని ఉండా. ఏమప్పా, ఇంత లేటు చేసినావు?"