మలుపు దగ్గర డెబ్బై

నేను ఒక స్పీడోమీటర్ని. బస్సు స్టీరింగు వెనక, అద్దం కింద, ఎర్ర ముల్లుతో నల్లగా గుండ్రంగా ఉంటానే, దాన్ని. మీరు నన్ను చూసే ఉంటారు, కానీ చదివి ఉండరు. మనుషుల సంగతి నాకు తెలుసు. ఎంత దూరం వచ్చామని అడుగుతారు, ఎప్పటికి చేరతామని అడుగుతారు. ఇప్పుడు, ఈ క్షణాన, ఎంత జోరు మీద ఉన్నామని అడిగిన మొహం నాకు ఏళ్ళ తరబడి కనబడలేదు.

నా పని పెద్ద మాయేం కాదు. గేర్‌బాక్సు నుంచి ఒక కేబుల్ నా వీపులోకి వస్తుంది. బస్సు కదిలితే అది తిరుగుతుంది, దాంతోపాటు లోపల ఒక అయస్కాంతం తిరుగుతుంది. చుట్టూ ఉన్న పల్చటి అల్యూమినియం గిన్నె దాని వెంట పడబోతుంది, వెంట్రుకంత స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ పెనుగులాటలో ముల్లు ఎక్కడ నిలిస్తే అదే వేగం. ఇంత తేలిక విషయానికి మనుషులు పుస్తకాలు రాసుకున్నారు. రాసుకున్నవి చదవరు, చదివితే అర్థం చేసుకోరు. అది వేరే సంగతి.

నన్ను మొదట చీమకుర్తి రాళ్ళ లారీకి బిగించారు. దాని డ్రైవరు మహా భక్తుడు. నలభైకీ ఎనభైకీ మధ్య నా అద్దం మీద దేవుడి స్టిక్కర్ అంటించాడు. ఆ తర్వాత అతను ఎంత జోరుగా పోయినా ముల్లు దేవుడి వెనకే దాక్కునేది. లారీ తుక్కయ్యాక పొదిలిలో ఒక మెకానిక్ స్టిక్కర్ గీకి, నన్ను ఒక జూనియర్ కాలేజీ పసుప్పచ్చ బస్సుకు పెట్టాడు.

ఆ బస్సు డ్రైవరు దస్తగిరి. నలభై ఏళ్ళుంటాయి, మాట తక్కువ. అతని పక్కన ఇంజను మీద పరిచిన మెత్త మీద లెక్కల లెక్చరర్ చలపతి గారు కూర్చునేవారు. పంతొమ్మిదేళ్ళుగా డిఫరెన్షియేషన్, అంటే ఏ క్షణాన ఏది ఎంత జోరుగా మారుతోందో కట్టే లెక్క, చెబుతున్నారు. బస్సెక్కగానే వెనక్కి తిరిగి పిల్లల చేత వల్లె వేయించేవారు, ఎక్స్ పవర్ ఎన్‌కి డెరివేటివ్ ఎన్ ఇంటూ ఎక్స్ పవర్ ఎన్ మైనస్ వన్ అని. పిల్లలు నిద్రమొహాలతో పాడేవాళ్ళు. ఆయన మోకాలికి జానెడు దూరంలో నేను, ఆయన చెబుతున్న దాన్నే ముల్లుతో చూపిస్తూ ఊగుతుండేదాన్ని. నాలుగేళ్ళలో ఒక్కసారి నా వైపు చూశారు. అద్దంలో తల దువ్వుకోవడానికి.

డ్రైవరు సీటు వెనకే కూర్చునే అమ్మాయి కోటేశ్వరి. సెకండియర్, ఎంపీసీ. ఒక రోజు రైల్వే గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు ఆయన్ని అడిగింది.

"సార్, వేగం అంటే దూరాన్ని కాలంతో భాగించాలి గదా. ఒక్క క్షణంలో కాలమూ సున్నా, దూరమూ సున్నా. మరి ఆ ముల్లు దేన్ని చూపిస్తంది?"

పుట్టాక మొదటిసారి నా గురించి ఒక మనిషి సరైన ప్రశ్న వేసింది. చలపతి గారు గేటు వైపు చూసి, అట్టాంటివి పబ్లిక్ పరీక్షలో రావనీ, ఫార్ములా గుర్తుంటే చాలుననీ చెప్పి, మళ్ళీ వల్లె వేయించారు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం అదే గేటు దగ్గర గూడ్సు బండి ఏడు నిమిషాలు ఆపింది. కాలేజీ బస్సులు ఎనిమిదింటికల్లా ఆవరణలో ఉండాలి. ఆలస్యమైతే కరస్పాండెంట్ పేరయ్య గారు డ్రైవర్ని ఆఫీసు ముందు అందరూ చూసేట్టు నిలబెట్టేవారు. గేటు ఎత్తాక చలపతి గారు వాచీ చూసుకుని, ఫస్టవరు నాదే, కానియ్ దస్తగిరీ, కానియ్ అన్నారు. దస్తగిరి తొక్కాడు. నా ముల్లు యాభై దాటింది, అరవై దాటింది. రాళ్ళవాగు కల్వర్టు ముందు మలుపులో డెబ్బై మీద నిలిచింది.

మలుపు తిరగ్గానే ఎదురుగా సైకిలు. పోస్ట్‌మాన్ వీరరాఘవులు, హ్యాండిల్‌కి ఉత్తరాల సంచీతో, చెయ్యి చాపి మట్టిబాట వైపు తిరుగుతున్నాడు. దస్తగిరి బ్రేకు మీద నిలుచున్నాడు. ముల్లు డెబ్బై నుంచి ముప్పై ఎనిమిదికి పడింది, అంతలో చప్పుడైంది. పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. దస్తగిరి దిగి పరుగెత్తాడు. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగిందని తర్వాత విన్నాను. ఉత్తరాలు కల్వర్టు కింద దాకా ఎగిరిపోతే కోటేశ్వరి వాగులోకి దిగి ఏరుకొచ్చింది.

ఆ సాయంత్రం కాలేజీ ఆవరణలో మెకానిక్ వచ్చి నా వీపులో కేబుల్ ఊడదీశాడు. మీటరు నెలల తరబడి పనిచెయ్యడం లేదు, అదీ కథ. పేరయ్య గారు బస్సులోనే కూర్చుని విచారణకు ఇవ్వాల్సిన కాగితం రాయించారు. ఇరవై ఏడు కిలోమీటర్లు, నలభై ఐదు నిమిషాలు, అంటే గంటకు ముప్పై ఆరు. మా బస్సు నలభై దాటదు, పోస్ట్‌మానే చూసుకోకుండా అడ్డం వచ్చాడు. కింద లెక్కల నిపుణుడిగా చలపతి గారు సంతకం పెట్టారు. పంతొమ్మిదేళ్ళ పాఠాలకు ఆయన చేసిన భాగహారం అది. దస్తగిరిని కూడా అదే చెప్పమన్నారు. లైసెన్సు పోతే వేరే బతుకు తెలియనివాడు, తలూపాడు.

మర్నాటి నుంచి వేరే డ్రైవరు వచ్చాడు. బస్సు నడుస్తోంది, నా ముల్లు సున్నా దగ్గర పడుకుంది. నా జన్మలో అంత సిగ్గుపడింది లేదు. వారం తర్వాత కోటేశ్వరి నోటుబుక్కు తీసి చలపతి గారి ముందు పెట్టింది. ఒక బండి లెక్క సార్, ఒక చోటికి చేరేముందు ఎంత దూరం వచ్చిందో ఉంది, సరిగ్గా ఆ చోట వేగమెంతో కావాలి అంది. చివరి ఇరవై సెకన్లలో మూడువందల నలభై నాలుగు మీటర్లు. చివరి పదిలో నూట ఎనభై నాలుగు. నాలుగులో డెబ్బై ఆరున్నర. రెండులో ముప్పై ఎనిమిది పాయింట్ ఏడు.

ఆయన హుషారుగా పెన్ను తీశారు. గంటకు అరవై రెండు వచ్చింది. తర్వాత అరవై ఆరు, తర్వాత అరవై తొమ్మిది, తర్వాత డెబ్బైకి కాస్త తక్కువ. ఆయన చెయ్యి నెమ్మదించింది. ఆ అంకెలు ఎక్కడికి పోతున్నాయో మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. కాలాన్ని సున్నా చెయ్యక్కర్లేదు, సున్నాకి దగ్గరగా తీసుకుపోతూ జవాబు ఎక్కడ కుదురుకుంటుందో చూస్తే చాలు అని, ఆ అమ్మాయికి కాదు, తనకు తాను చెప్పుకున్నారు. ఇన్నేళ్ళూ లిమిట్ అన్న మాటను పిల్లల చేత పలికించిన మనిషికి అది అప్పుడే అర్థమైంది.

"డెబ్బై దగ్గరమ్మా. ఎక్కడిదీ లెక్క?"

"మన బస్సే సార్. పోయిన మంగళవారం, కల్వర్టు మలుపు. బస్సు ఎక్కడుందో పేరెంట్స్‌కి చూపించే యాప్ ఉంది గదా, మా అమ్మ ఫోన్లో రెండేసి సెకన్లకీ ఉంది. పోస్ట్‌మాన్ తాత చెయ్యి చాపటం నేను చూశా సార్. ఆయన తప్పని రాశారంట."

చలపతి గారు ఆ పేజీ చింపి జేబులో పెట్టుకున్నారు. పరీక్షలు మూడు వారాలున్నాయి, ప్రాక్టికల్ మార్కులు కాలేజీ చేతిలో ఉంటాయి, జాగ్రత్త అన్నారు. అర్థమైన మరుక్షణమే దాచేశారు. ఇంతకు ముందు ఆయన మీద నాకున్నది చులకన. ఆ రోజు నుంచి అసహ్యం.

బండ్లు తనిఖీ చేసే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ శుక్రవారం కాలేజీకి వచ్చాడు. డ్రైవరు సీట్లో కూర్చుని నా వీపు తడిమాడు. ఏళ్ళ తుప్పు మధ్య కేబుల్ నట్టు మర మాత్రం ఈమధ్యే ఊడదీసినట్టు తళతళలాడుతోంది. అతను చలపతి గారి కాగితం చదువుకున్నాడు. అప్పుడు కోటేశ్వరి వచ్చి మెట్టు మీద నిలబడింది. చేతిలో అదే లెక్క, మళ్ళీ రాసుకున్నది. పేరయ్య గారు క్లాసుకు పొమ్మన్నారు. ఆ అమ్మాయి పోలేదు. ఇన్‌స్పెక్టరు తీసుకుని చదివి, చలపతి గారికి ఇచ్చి, ఈ లెక్క కరెక్టేనా అని అడిగాడు.

చలపతి గారు వేలితో ఒక్కో వరుసా దాటుతూ లెక్క చివరిదాకా చూశారు.

"కరెక్టే" అన్నారు చలపతి గారు. "నేను రాసిచ్చిందీ కరెక్టే. అది దారి మొత్తానికి. ఇది ఆ మలుపుకి."

"పోస్ట్‌మాన్‌కి దెబ్బ దారి మొత్తం మీద తగిలిందా మాస్టారూ?"

విచారణకు పిలిపిస్తే వచ్చి, కింద టైరు పక్కన నిలబడ్డ దస్తగిరి తలెత్తాడు.

"మలుపులో తగిలింది సార్. డెబ్బై మీదుంది. నేను ముల్లు చూశా. చూసి కూడా కాలు తియ్యలా. ఆయన తప్పేం లేదు."

చూశాడట. నాలుగేళ్ళూ నన్నెవరూ చూడరని తిట్టుకుంటూ గడిపాను. అతను చూశాడు, చదివాడు, అయినా తొక్కాడు. అంతకంటే నన్ను చూడకపోయినా బాగుండేదనిపించింది.

దస్తగిరి లైసెన్సు ఆరు నెలలు ఆపేశారు. వైద్యం కాలేజీ నెత్తిన పడింది. ఫస్టవరు అరగంట వెనక్కి జరిపారు, అదేదో తమ ఉదారత అన్నట్టు నోటీసు అంటించారు. దస్తగిరన్న ఉద్యోగం నీవల్లే పోయిందని పిల్లలు కోటేశ్వరితో రెండు వారాలు మాట్లాడలేదు. ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చునేది. చలపతి గారు ఒక్క రోజు వల్లె వేయించడం మానేశారు. రెండో రోజు మొదలుపెట్టారు.

నా స్థానంలో అంకెలు వెలిగే మీటరు వచ్చింది. నేను పొదిలి రోడ్డు మీద మెకానిక్ షెడ్డులో మేకుకు వేలాడుతున్నాను, పాత హారన్ల, పగిలిన అద్దాల పక్కన. మనుషుల మీద నా అభిప్రాయం పెద్దగా మారలేదు. పొద్దున పది దాటాక మాత్రం రోడ్డు వైపు చూస్తాను. ఒక సైకిలు వస్తుంది. వెనక క్యారియర్ మీద వీరరాఘవులు, ఒళ్ళో ఉత్తరాల సంచీ, చంకలో కర్ర. కాలు అతికింది కానీ తొక్కడానికి రాదు. తొక్కేది దస్తగిరి. ఎవరు అడిగారో, ఎవరు ఒప్పుకున్నారో నాకు తెలియదు. కేబుల్ లేకపోయినా వాళ్ళ వేగం కట్టగలను. షెడ్డు ముందు తొమ్మిది ఉంటుంది. ఎత్తు మొదలయ్యే చోట ఐదవుతుంది, తర్వాత మూడు. అక్కడ దస్తగిరి దిగి సైకిలు నెడతాడు, పెద్దాయన కూర్చునే చిరునామాలు చదువుతుంటాడు.