గాలి చూసే మలుపు

ముందద్దం మీద పట్టిన ఎర్రదుమ్ము తుడిచే పని ఆమెదే. పొద్దున్నే, దారిలో రాత్రి బస చేసిన లాడ్జి వాకిట్లో బకెట్టూ, పాత బనీను గుడ్డా పెట్టుకుని తుడుస్తుంటే అతను మెట్ల మీద నిలబడి టీ ఊదుకుంటూ, “ఆ మూల ఇంకా ఉండిపోయింది చూడు. నాకు దారి కనపడొద్దూ?” అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది, ఆపుకుంది. ఆ నవ్వెందుకో మీకు తెలియాలంటే ఈ మొగుడూ పెళ్ళాల గుట్టు కాస్త విప్పాలి. విప్పితే తప్పేం లేదు లెండి, మధ్యాహ్నం భోజనాల వేళకి ఎలాగూ దాగదు.

అతని అన్నగారి ఊరు ఎడారి లోయలకి అవతల ఉంది. ఏటా సెలవులకి వీళ్ళు కార్లో అక్కడికి వెళ్తారు. రెండు దారులున్నాయి. ఒకటి మైదానం మీదుగా చుట్టు తిరిగి పోయేది, దానికో రోజు ఎక్కువ పడుతుంది. రెండోది లోయ అంచున కొండని చెక్కి వేసింది. ఒక పక్క ఎర్రరాతి గోడ, ఇంకో పక్క ఏమీ లేదు. ఎక్కడో అడుగున నది సన్నగా కనపడుతుంది, అదీ చూసే ధైర్యం ఉన్నవాళ్ళకి. మగాడన్నవాడు లోయల దారినే రావాలని అన్నగారి పంతం. ఆ దారి చివర వ్యూ పాయింట్ దగ్గర ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని, గొడుగు కింద బల్ల వేయించి, తమ్ముడి కోసం కాచుకుని కూర్చుంటాడు. ఆఖరి మలుపులో కారు కనపడగానే ఫొటో తీస్తాడు. ఇన్నేళ్ళ ఫొటోల్లోనూ స్టీరింగు వెనక తమ్ముడే, పక్కసీట్లో ఆమే.

పన్నెండేళ్ళ కిందట కారు కొన్నాక మొదటిసారి ఆ దారిన వెళ్ళినప్పుడు నాలుగో మలుపులో అతను కారు ఆపేశాడు. ఆపేశాడు అనకూడదు, ఆగిపోయింది. చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి, చొక్కా తడిసి ముద్దయింది. “కళ్ళు తిరుగుతున్నాయే, కిందికి చూడలేకపోతున్నాను” అన్నాడు ఎప్పుడూ వినని గొంతుతో. ఆమెకి లైసెన్సుంది, పెళ్ళికి ముందు పుట్టింట్లో కారు నడిపిన అలవాటూ ఉంది. అతన్ని మెల్లిగా పక్కసీట్లోకి జరిపి, “కళ్ళు మూసుకోండి, నేనున్నాగా” అని మిగతా దారంతా తనే నడిపింది. నిజం చెప్పొద్దూ, ఆ వేళ అతని మీద ప్రేమ పొంగుకొచ్చింది. తీరా ఆఖరి మలుపు ముందు అతను కళ్ళు తెరిచి, “కాస్త ఆపు, టైర్లలో గాలి చూద్దాం” అన్నాడు. దిగి చుట్టూ తిరిగి ఒక్కో టైరునీ కాలితో తన్ని, ఆమె వైపు తలుపు తీసి నిలబడ్డాడు. ఆమె పక్కకి జరిగింది.

భోజనాల దగ్గర అన్నగారు, “ఏరా చిన్నోడా, మొహం అలా పాలిపోయిందేం?” అని అడిగితే, “ఈవిడతో చచ్చాననుకో అన్నయ్యా. దారి పొడవునా కళ్ళు మూసుకుని ఒకటే కేకలు. నేను కాబట్టి తీసుకొచ్చాను” అన్నాడు. అంటూనే బల్ల కింద ఆమె చెయ్యి పట్టుకుని నొక్కాడు. ఆ నొక్కుడికే కరిగిపోయి ఆమె కూడా అందరితో కలిసి నవ్వింది, పిచ్చిమొహం. అత్తగారు అక్కడికక్కడే “పిరికి కోడలు” అని పేరు పెట్టేసింది. పెట్టిన పేరు ఊరుకుంటుందా, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఆమెకంటే ముందే వెళ్ళి కూర్చునేది.

ఆ తర్వాత ఏటా అదే తంతు. నాలుగో మలుపు దగ్గర స్టీరింగు ఆమె చేతికి రావడం, ఆఖరి మలుపు ముందు “గాలి చూద్దాం” అనడం. ఎవరైనా ఎదురొచ్చి చూసినా టైర్లు తన్నుతున్న మగమనిషే కనపడతాడు. ఆలస్యమేమని అడిగితే గాలి చూశామనే జవాబు. పాపం బావగారు నిజమే అనుకుని, “వీడి కారు టైర్లకేదో జబ్బుందర్రా” అని రెండుసార్లు దగ్గరుండి కొత్తవి వేయించాడు. కూతురు మాత్రం చిన్నప్పట్నుంచీ సెలవులివ్వగానే ఎవరో ఒకరి తోడుతో ముందే బస్సెక్కి పెదనాన్నా పెద్దమ్మల దగ్గరికి పోతుంది, తిరుగు ప్రయాణంలోనే వీళ్ళ వెంట ఉంటుంది. అందుకని తిరుగు ప్రయాణం ఎప్పుడూ మైదానం మీదుగానే. “ఎందుకు నాన్నా ఈ చుట్టుదారి?” అని పిల్ల విసుక్కుంటే, “మీ అమ్మకి భయం కదమ్మా” అంటాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది, లోపల ఉడికిపోతూ.

ఆమె ఉద్యోగం ఏమిటనుకున్నారు? రోడ్ల మలుపులు గీయడం. ఏ మలుపు ఎంత వెడల్పుండాలి, ఎటు వాలాలి, లారీ తిరగడానికి ఎంత చోటు కావాలి, అన్నీ ఆమె కొలిచి గీస్తేనే పై ఆఫీసరు కింద సంతకం పెడతాడు. కొండరోడ్డు పని దగ్గరుండి చూసే సైటు ఉద్యోగం ఖాళీ అయినప్పుడు వరసలో మొదటి పేరు ఆమెదే. ఆఫీసరు పిలిచి, “మీకు కొండలంటే భయమటగా మేడమ్. మొన్న పార్టీలో మీవారు చెప్పి తెగ నవ్వించారు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఇంకొకరి పేరు రాశాను” అన్నాడు, పెద్ద మేలు చేసినట్టు. ఇంటికొచ్చి చెబితే మొగుడు, “పోనీలేవే, ఎండలో తిరిగే బాధ తప్పింది” అన్నాడు. ఆ భయం నాది కాదని ఆఫీసరు మొహం మీదే ఎందుకు చెప్పలేదని తనని తాను ఎన్నిసార్లు తిట్టుకుందో. చెబితే మొగుడి పరువు పోతుందని చెప్పలేదు. మొగుడి పరువు కాపాడటం కూడా అంట్లు తోమడంలా ఇంటిపనుల్లో ఒకటైపోయింది. రోజూ చేయాలి, చేసినట్టు ఎవరికీ కనపడదు, మానేసిన రోజు మాత్రం అందరికీ కనపడుతుంది.

ఇలాగే సాగిపోయేదే. నిన్న సాయంత్రం లాడ్జి గదిలో ఆమె అతని మేజోళ్ళు జతలు చూస్తుంటే, అతను మంచమ్మీద పడుకుని, స్పీకరు పెట్టి కూతురితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. పంతొమ్మిదేళ్ళ ఆ పిల్ల చదివేది రాళ్ళ చదువు. ఇదే లోయల్లో ఆరు నెలల సర్వేకి కాలేజీ మొత్తం మీద ఇద్దరిని తీసుకుంటే అందులో తనొకతి. జీపు నడపడం నేర్చుకోవాలి, అదొక్కటే షరతు. వస్తానో రానో మర్నాడు సాయంత్రంలోగా చెప్పాలి. అతను, “వద్దమ్మా. నీది మీ అమ్మ రక్తం. ఆ అంచుల్లో స్టీరింగు పట్టుకుంటే నీకు చేతులాడవు. పెదనాన్న కూడా అదే అంటున్నాడు. రేపు భోజనాల దగ్గర మాట్లాడుకుని, రాలేనని రాసేద్దాం” అన్నాడు. పిల్ల ఇక పోట్లాటకి దిగుతుందనుకుంది ఆమె. చిన్నప్పట్నుంచీ పేచీకోరు అది. అవతల్నుంచి వచ్చింది సన్నటి గొంతే. “నిజమేనేమో నాన్నా. మొన్న వ్యూ పాయింట్ దగ్గర కంచె పట్టుకుని నిలబడితే నాకూ గుండె దడదడలాడింది. అమ్మ పోలికే అయ్యుంటుంది.”

ఆమె చేతిలో మేజోడు అలాగే ఉండిపోయింది. తనని పిరికిదన్నారు, పడింది. సైటు ఉద్యోగం పోయింది, అదీ పడింది. ఇప్పుడు వయసులో ఉన్న పిల్ల, లేని జబ్బుని అమ్మ దగ్గర్నుంచి వచ్చిందని నమ్మి, ఉన్న చోటే చతికిలబడబోతోంది. కంచె దగ్గర నిలబడితే ఎవరికి దడ రాదు? ఏటా ఆ అంచున స్టీరింగు పట్టుకున్నప్పుడు తనకీ వస్తుంది, ఆ దడతోనే కదా నడిపింది. ఆ మాట పిల్లకి ఎవరు చెప్పారు? తను చెప్పలేదు. మొగుడు అబద్ధం ఆడాడు సరే, దానికి పన్నెండేళ్ళు నీళ్ళు పోసి పెంచిందెవరు? తనే. ఆ ఆలోచన రాగానే ఆమెకి మొగుడి మీదకంటే తన మీద తనకే ఒళ్ళు మండింది. నా నెత్తిన ఉన్నంతకాలం మోశాను, బిడ్డ నెత్తికి ఎక్కితే ఊరుకునేది లేదు అనుకుంది.

ఇదిగో, ఇప్పుడు నాలుగో మలుపు దాటారు. అలవాటు ప్రకారం సీట్లు మారాయి. అతను సీటు వెనక్కి వాల్చి, టోపీ మొహం మీదికి లాక్కుని, తలుపు పైనున్న పిడి గట్టిగా పట్టుకున్నాడు. కారు రాతిగోడ నీడలోంచి ఎండలోకీ, ఎండలోంచి నీడలోకీ పోతోంది. ఆమె గేరు మారుస్తూ, “అమ్మాయికి నా రక్తం అని ఎందుకు చెప్పారు?” అని అడిగింది.

“ఏదో ఒకటి చెప్పాలిగా. ఆడపిల్ల ఈ కొండల్లో జీపేసుకుని తిరగడమేంటి? మాట వరసకన్నాను, వదిలెయ్.”

“అది మాట వరస అనుకోలేదు, నమ్మేసింది. ఈవేళ భోజనాల దగ్గర నిజం మీరే చెప్పండి. నడిపేది ఎవరో, కళ్ళు మూసుకునేది ఎవరో.”

అతను పిడిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. “అన్నయ్య ముందా? నీకేమైనా మతి పోయిందా? నా పరువేం కావాలి?”

“పన్నెండేళ్ళ నుంచి నా పరువేమైందో అదే అవుతుంది. చచ్చిపోరులెండి. నేను చచ్చిపోయానా?”

“నువ్వంటే ఆడదానివి. ఆడవాళ్ళు భయపడితే ఎవరూ ఏమీ అనుకోరు” అన్నాడతను, ఎంతో న్యాయం మాట్లాడుతున్నట్టు.

ఆమె దారి మీదే చూపు నిలిపింది. ఎదురుగా లారీ వస్తుంటే గోడ వైపు ఒదిగి, అది దాటాక మళ్ళీ కారుని దారికెక్కించింది. ఈ మలుపులు ఆమెకి అరచేతిలో గీతల్లా తెలుసు. ఎవడు గీశాడో గానీ తొమ్మిదోది ఇరుకు, పదకొండోది వాలు తప్పు. తను గీసుంటే ఇంకో రెండు మీటర్లు వెనక్కి చెక్కించేది. ఎన్నేళ్ళుగానో అనుకుంటున్న మాటే. మొదటిసారి పైకే అంది, అతను వినలేదు.

ఆఖరి మలుపు ముందు, కారాపుకునే వెడల్పాటి జాగా రాగానే అతను లేచి కూర్చున్నాడు. మొహం తుడుచుకున్నాడు, టోపీ సరిచేసుకున్నాడు. “ఆపు. గాలి చూద్దాం.”

“అమ్మాయికి చెబుతారా?”

“చెప్తాలే, మెల్లిగా, టైము చూసి. ముందు ఆపవే.”

ఆమె ఆపలేదు. బ్రేకు మీదున్న కాలు తీసింది, అంతే. వెడల్పాటి జాగా వెనక్కి వెళ్ళిపోయింది. అతను “ఏయ్” అన్నాడు, స్టీరింగు మీద చెయ్యి వేయబోయి, కిటికీలోంచి కింద లోయ కనపడేసరికి ఆ చేత్తోనే పిడి పట్టుకుని కళ్ళు మూసేసుకున్నాడు. అలా మూసుకున్న కళ్ళతోనే, బిగబట్టిన పళ్ళతోనే, అతను మలుపు తిరిగి తన వాళ్ళందరి ముందుకీ వచ్చాడు. బావగారు కెమెరా ఎత్తి పట్టుకునే ఉన్నాడు. అలవాటుగా నొక్కేశాడు కూడా. తర్వాతే కెమెరా దించి, కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూశాడు.

ఆమె గొడుగు పక్కనే కారాపి, తాళం తీసి దిగింది. కూతురు బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చి తల్లినీ కారునీ మార్చి మార్చి చూస్తోంది. అతను దిగాడు గానీ తలుపు వదల్లేదు. “కాస్త తలనొప్పిగా ఉంటే అన్నయ్యా, ఈ ఒక్క మలుపూ…” అని మొదలెట్టాడు.

“నాలుగో మలుపు దగ్గర్నుంచీ నేనే నడిపాను బావగారూ” అంది ఆమె. “పోయినేడూ నేనే, అంతకు ముందూ నేనే. ఇన్నేళ్ళూ ఈ దారిన కళ్ళు మూసుకుని కూర్చున్నది నేను కాదు. టైర్లకి ఏ జబ్బూ లేదు, సీట్లు మారడానికి ఆగేవాళ్ళం.”

తోడికోడలు గ్లాసుల్లో నీళ్ళు పోస్తున్నదల్లా ఆగిపోయింది. అత్తగారు చుట్టూ చూసి గొంతు తగ్గించి, “ఇదంతా ఇప్పుడెందుకమ్మా, పదిమందిలో?” అంది.

“నాకు పిరికిదన్న పేరు పెట్టింది కూడా పదిమందిలోనే కదత్తయ్యా.”

పెద్దావిడ కొడుకు వైపు చూసింది, చాలాసేపు చూసింది. “చిన్నప్పుడు డాబా మీద పిట్టగోడ దగ్గరికి కూడా వచ్చేవాడు కాదు వెధవ” అంది చివరికి, తనలో తను అనుకున్నట్టుగా. అంటే ఆవిడకి తెలుసన్నమాట. తెలిసే ఆ పేరు పెట్టింది. ఆ సంగతి తర్వాతెప్పుడైనా తేల్చుకోవచ్చని ఆమె పక్కన పెట్టింది, ప్రస్తుతం అంతకంటే పెద్ద పని ఉంది.

కూతురి దగ్గరికి వెళ్ళి భుజాలు పట్టుకుంది. “నీకు దడ వచ్చింది చూడు, అది నా పోలికే. నాకూ వస్తుంది. వచ్చినా నడుపుతాను. నీ సర్వేవాళ్ళకి ఏం రాస్తావో నువ్వే ఆలోచించుకో, నాన్న చెప్పాడని, పెదనాన్న చెప్పాడని మాత్రం రాయకు.”

పిల్ల తల్లి మొహంలోకి చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి కళ్ళనిండా నీళ్ళు తిరిగి, “ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?” అంది కోపంగా. “తప్పే చేశాను” అని ఒప్పుకుంది ఆమె. పిల్ల కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసి, అక్కడే నిలబడి గబగబా ఏదో రాయడం మొదలెట్టింది. రాసింది తండ్రికి చూపించలేదు, తల్లికీ చూపించలేదు. “జీపు నడపడం ఎన్నాళ్ళలో వస్తుంది నాకు?” అని మాత్రం అడిగింది.

“ఈ వెనక మైదానంలో ఈ వారం రోజులూ నేను మన కార్లోనే కూర్చోబెట్టి నేర్పిస్తాను. వెళ్ళేటప్పుడు లోయల దారిన వెళ్దాం, నువ్వు ముందు సీట్లో కూర్చుని ప్రతి మలుపూ చూద్దువుగాని.”

అతను ఇంకా తలుపు పట్టుకునే ఉన్నాడు. అన్నగారు నవ్వలేదు, తిట్టలేదు, తమ్ముడి మొహం చూడలేక టైర్ల వైపు చూస్తున్నాడు. “మరి నేనో?” అన్నాడతను మెల్లిగా, పెళ్ళాం వైపు చూస్తూ. పన్నెండేళ్ళ కిందట నాలుగో మలుపులో ఎంత నిజంగా మాట్లాడాడో, మళ్ళీ అంత నిజంగా మాట్లాడటం ఇప్పుడే.

ఆమెకి జాలేసింది. జాలేసినా మాట మార్చలేదు.

“మీరు వెనక సీట్లో కూర్చోండి. భయమేస్తే చెప్పండి, తప్పేం లేదు. ఈసారి మాత్రం మీ పేరు మీద చెప్పండి.”