గాలి వచ్చే పక్క

వీడియోలో మొహం కనపడలేదు. బొటనవేలికి సగం గోరు లేని చెయ్యి ఒక్కటే, చిటికెడు మట్టిని ఎత్తిపట్టి మెల్లగా జారవిడుస్తోంది. చాంపియన్ రీఫ్స్ బంగారు గని కార్మికుల ఇళ్ల లైన్లలో ఆ చేతిని గుర్తుపట్టనివాళ్లు లేరు. విల్సన్ తన చేతిని తానే పరాయివాడిదన్నట్టు చూశాడు. పైన పసుపు అక్షరాలు: నరికిన తోపులో జింకను కొట్టే కిటుకులు.

గనిలో ఆయన పని గాలిని చూడటం. చిటికెడు రాతిపొడి వదిలి, ఏ సొరంగంలో గాలి ఆడుతోందో, ఎక్కడ ఆగిపోయిందో చెప్పేవాడు. గని మూసేశాక ఆ విద్యను ఎవరూ అడగలేదు. ఇన్నేళ్లకు అడిగినవాడు రాయ్, భార్య ఇసబెల్లాకు అన్న కొడుకు. జింకల్ని ఫొటో తీయాలన్నాడు. విల్సన్ వాణ్ణి నరికిన నీలగిరి తోపుకు తీసుకుపోయి, వాడు ఫోన్‌లో తీస్తుంటే అన్నీ చెప్పాడు. నీలగిరి ఆకును జింక ముట్టదు. చెట్టు పోయి నేలకు ఎండ తగిలాక, తొలివానకు మొద్దుల మధ్య లేచే గరిక కోసం తెల్లారేటప్పుడు వస్తుంది. గాలి నీ మొహానికి తగిలేటట్టు కూర్చోవాలి, అప్పుడు నీ వాసన దానికి పోదు. కదలకూడదు.

శుక్రవారం సాయంత్రం రాయ్ ఇంటికి వచ్చాడు.

"ఫొటో అంటివి గదరా," అన్నాడు విల్సన్.

"ఫొటో అంటే ఎవురు చూస్తారు మామా? కొట్టేది అంటే నలబై వేల మంది చూసినారు. నేనేమన్నా తుపాకీ ఇచ్చినానా? వేట నేరమని కింద పెట్టినాను గూడా."

"యాడ పెట్టినావు?"

"చిన్న అక్షరాల్లో ఉండాది. కళ్లద్దాలు పెట్టుకో."

లోపలినుంచి ఇసబెల్లా అంది: "ఆయనకు కళ్లద్దాలు ఉండాయి లేరా. నీకు లేనిది సిగ్గు."

"ఆ తోపు యాడుండాదని ఒకడు అడిగితే చెప్పినావు. రేపు తెల్లారి వస్తామని వాడు రాసినాడు," అన్నాడు విల్సన్.

"అడిగితే చెప్పకుండా ఉంటారా? నువ్వు నాకు చెప్పలే?"

ఆ రోజు వాడు అడగనిది కూడా విల్సన్ చెప్పాడు. పిల్ల ఉన్న ఆడజింక ఏ బండల సందులోంచి దిగుతుందో వేలు పెట్టి చూపించాడు. చెబుతున్నంతసేపూ మళ్లీ గనిలోకి దిగినంత హాయిగా ఉండింది. రాయ్ మీద లేచిన కోపం ఇప్పుడు తిరిగి ఆ హాయి మీద పడింది. తనను ఎంత తేలిగ్గా కొన్నాడు వీడు, ఒక్క ప్రశ్నతో.

"తీసెయ్," అన్నాడు.

"తీసేస్తాను. తీసేస్తే మాత్రం ఆగుతాదా? అందరి ఫోన్లలోకీ పోయింది."

ఫారెస్టు గార్డు సొన్నప్పకు ఫోన్ చేస్తే, ముళబాగిలు దగ్గర ఉన్నానని, పొద్దున ఎనిమిదికల్లా వస్తానని అన్నాడు. జింకలు ఆరుకే వస్తాయి.

తెల్లవారుజామున విల్సన్ స్నానం చేయలేదు. రెండు రోజులు తొడిగిన చొక్కానే మళ్లీ తొడిగి, జేబులో బీడీల కట్ట పెట్టుకున్నాడు.

"రొమ్ము నొప్పని మానేసినావు గదా," అంది ఇసబెల్లా.

"తాగేదానికి కాదు."

తోపులో ఒక మొద్దు పక్కన అప్పటికే ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకడి ఒడిలో గోనెసంచిలో చుట్టిన పొడుగాటి వస్తువు. రెండోవాడు చిటికెడు మట్టి ఎత్తి జారవిడిచాడు. అదే తీరు. గాలి వాళ్ల మొహాలకు తగులుతోంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు, బాగా నేర్చుకున్నారు.

ఆయన చుట్టూ తిరిగి వాళ్లకు ఎదురుగా, అవతలి అంచున, గాలిని వీపుకు పెట్టుకుని కూర్చున్నాడు. బీడీ ముట్టించి నేల మీద పెట్టాడు, ఇంకొకటి, ఇంకొకటి. పొగా చెమట వాసనా కలిసి తోపంతా పరుచుకుంటాయి. తుపాకీ పేలితే గుండు తన వైపే రావచ్చని అప్పుడు తట్టింది. లేవలేదు.

బండల సందులో ఆడజింక తల కనపడింది. ముక్కు ఎత్తింది. ముందరి కాలితో ఒకసారి నేలను కొట్టి, పిల్లతో సహా వెనక్కు తిరిగిపోయింది.

గోనెసంచివాడు విసురుగా వచ్చాడు.

"ఏం తాతా, గాలి వచ్చే పక్క కూచుంటారా ఎవురన్నా? వాసన తగిలి పాయ. వీడియో చూడలేదా నువ్వు?"

"చూసినానప్పా," అన్నాడు విల్సన్. "గార్డు గూడా చూసినాడు, వస్తా ఉండాడు. రేపు గాలి యా పక్కనుంచి వస్తే నేను ఆ పక్కే ఉంటాను."

ఇంకో బీడీ తీసి అగ్గిపుల్ల గీశాడు. వాడు ఏదో అనబోయి, పుల్ల పట్టుకున్న బొటనవేలి వైపు చూస్తూ ఆగిపోయాడు.