అమ్మడి చెవిలో పోటు

అమ్మడు బస్సు దిగకముందే ఆమె గంపలో ఏ చేప ఉందో చెప్పగల మొనగాణ్ణి మా ఊళ్ళో నేనొక్కణ్ణే. కళింగపట్నం నుంచి వచ్చే బస్సు మలుపు దగ్గర దుమ్ము లేపుతుండగానే, అరుగు మీద కూచుని ముక్కు ఒకసారి ఎగబీల్చి, "ఇవాళ నెత్తళ్ళు, అడుగున కాసిని ఎండురొయ్యలు" అనేస్తాను. తప్పిన రోజు లేదు. నా ముక్కు సంగతి విని చేపల శాఖవాళ్ళు పడవెక్కించి సముద్రం మీదికి తీసుకుపోతామని బతిమాలారు కూడా. ఊడ్పుల వేళ కదా అని నేనే పోలేదు.

ఆ రోజూ నెత్తళ్ళే.

బస్సు వెనక తలుపులోంచి ముందు గంప దిగింది, తర్వాత అమ్మడు దిగింది. యాభై దాటిన మనిషి. పొట్టి. చీర పిక్కల మీదికి ఎగగట్టి, కొంగు నడుముకి బిగించింది. ఉప్పులో నాని నాని వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పాత సున్నపు గోడలా బీటలు వేసింది. నడినెత్తిన జుట్టు అరిగిపోయి, గంప కింద పెట్టే చుట్టకుదురు కూచునేంత మేర నున్నగా ఉంటుంది. చిన్నప్పట్నించీ బరువు మోసిన మెడ పక్కకి తిరగదు. ఎవరైనా పిలిస్తే మెడ కాదు, మనిషి మనిషంతా తిరుగుతుంది, ఎడ్లబండి సందు మలుపు తిరిగినట్టు. గంప తలకెత్తుకున్నాక ఇక దాని మీద చెయ్యి వెయ్యదు. వాన పడ్డా, కుక్క వెంటపడ్డా రెండు చేతులూ ఊపుకుంటూనే నడుస్తుంది. ఆమె మొగుడు నూకయ్య పడవ మీద నిలబడడం కన్నా ఆమె నేల మీద నడవడం కుదురుగా ఉంటుందని వాళ్ళ పేటలో అనేవారు. ఇన్నేళ్ళలో గంప ఒక్కసారీ కింద పడలేదని ఆమెకి లోపల గర్వం.

అలాంటి మనిషికి చెవిలో పోటు మొదలైంది.

ఇక్కడొక మాట చెప్పాలి. మా రైతుల ఇళ్ళలో చెవిపోటంటే నొప్పి. వెల్లుల్లి వేసి నూనె కాచి, రెండు చుక్కలు వేసి, పిల్లాడి నోట్లో ఇంత బెల్లం పెడితే పోయే సంగతి. సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళకి పోటంటే నీళ్ళు ఒడ్డు మీదికి ఎగదన్నుకు రావడం. అమ్మడికి ముందు కుడిచెవి ఏదో కూరినట్టు బరువెక్కుతుంది. తర్వాత హోరు లేస్తుంది. అది పెరిగి పెరిగి విరిగేసరికి ఇల్లూ వాకిలీ గిర్రున తిరుగుతాయి, కడుపులో ఉన్నదంతా బయటికొస్తుంది. గంటో రెండు గంటలో అలా ముంచి, దానంతటదే వెనక్కి తీస్తుంది. పోతూ పోతూ కాస్త వినికిడి కూడా కోసుకుపోతుంది. పేటలో ఉన్న ఆరెంపీ డాక్టరు దగ్గరికి పోయి ఆమె ఉన్నమాటే చెప్పింది, చెవిలో పోటొస్తోందని. ఆయన చుక్కల మందు రాశాడు, నొప్పి మాత్రలిచ్చాడు. నొప్పి ఉందా అని ఆయన అడగలేదు, నొప్పి లేదని ఈమె చెప్పలేదు. పోటు తగ్గిందా అని అడిగేవాడు. ఆ పూటకి తగ్గే ఉండేది కాబట్టి తగ్గిందనేది. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకుంటూ రెండేళ్ళు గడిపేశారు.

చివరికి కూతురు దుర్గ ఆమెను శ్రీకాకుళంలో చెవి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆవిడ గాజు గదిలో కూచోబెట్టి, చెవులకి శబ్దాలు వినిపించి, లోపలి చెవిలో నీరు పొంగుతోందని తేల్చింది. పోటుకీ పొంగుకీ పెద్ద తేడా లేదని అమ్మడు కాస్త సంబరపడింది కూడా, మొత్తానికి తన జబ్బు ఒకరికి అర్థమైనందుకు. ఆ సంబరం ఆవిడ తర్వాతి మాటతో పోయింది. ఉప్పు మానెయ్యమంది.

అమ్మడు చప్పిడి గంజి తాగడం నేర్చుకుంది. చేపకి ఉప్పు పట్టిందో లేదో చిన్న ముక్క నాలిక మీద వేసుకు చూసే అలవాటు మాత్రం మానలేక, చూసి ఉమ్మేసేది. పొద్దునా సాయంత్రమూ మాత్రలు. చెవి బరువెక్కి హోరు మొదలవగానే ఎక్కడుంటే అక్కడ గంప దించేసి, ఏ గోడకో ఆనుకుని కూచునేది. అలా కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. తర్వాత చెవిపొరలోంచి లోపలికి ఒక మందు సూదితో ఎక్కించారు. చలికాలమంతా హాయిగా గడిచి, మామిడిపూత రాలే వేళకి పోటు మళ్ళీ వచ్చింది. ఇక మిగిలింది రెండో రకం సూది. తలకి తూకం చెప్పే భాగాన్ని అది లోపలే మొద్దుబారుస్తుంది. చాలామందికి తిరుగుడు ఆగుతుంది. అయితే ఆ చెవిలో మిగిలిన వినికిడి కూడా పోవచ్చు. పోకనూ పోవచ్చు. ఎడమచెవి బాగానే ఉంది కదా, దీన్ని వదులుకుంటే ఏమైందని దుర్గ అంది. రెండోదానికీ ఇదే జబ్బు వస్తే ఎలాగని అమ్మడు అడిగింది. కొందరికి వస్తుందని డాక్టరమ్మ దాచకుండా చెప్పి, ఆలోచించుకుని రమ్మంది.

ఆ రావలసిన రోజు మర్నాడే. అందుకని ఆ పొద్దున అమ్మడు దూది ఉండ చేసి, నూనెలో తడిపి, కుడిచెవిలో గట్టిగా కూరుకుని బస్సెక్కింది. ఆ చెవి లేకుండా ఒక్క ఊరు తిరిగి చూద్దామని. చీర కొనేముందు భుజాన వేసుకు చూసుకుంటాం చూడండి, అలాగ.

మాకేం తెలుసు? మా ఆవిడ తవిటమ్మ గుమ్మంలోంచి కేక వేసింది. మా ఇల్లు వీధికి కుడిపక్క. అమ్మడు బండిలా మొత్తం ఎడమకి తిరిగి, ఎదురింటి సుభద్రమ్మ వాకిట్లోకి నడిచింది. సుభద్రమ్మ ఏడాది పొడుగునా నీచు ముట్టదు. తన మడి చెడగొట్టడానికి వచ్చావా అని ఆవిడ చీపురు పట్టుకుంది. తవిటమ్మ మళ్ళీ పిలిచింది. అమ్మడు ఈసారి ఆ పక్క సందులోకి నడిచింది. ఇదేదో కొత్త ఆట అనుకుని, నేను మేడ మీద ఉన్నాను రమ్మని అరిచాను. మాకు మేడ లేదు. ఆమె నిలబడి, నోటితో నవ్వింది గాని కళ్ళతో నవ్వలేదు.

అంతలో పాల గోవింద్ బండి మీద ఆమె వెనకనుంచి హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. అమ్మడు తప్పుకుంది, సరిగ్గా అతని దారిలోకే. బ్రేకు వేసి, నాలుగు తిట్టి, పోయాడు. ఆమె వీధి నడిమధ్య అలాగే ఉండిపోయింది. పిలుపులన్నీ ఎడమచెవి వైపునుంచే వస్తున్నట్టుండి, ఏది ఏ గుమ్మంలోంచో తెలియక, ఊరంతా ఒకటే గోడలా ఉందని తర్వాత చెప్పింది.

చెవిలో దూది కూరితే ఎవరికైనా హోరు వినిపిస్తుంది. పొద్దున్నించీ ఆమెకి వినిపిస్తూనే ఉంది. ఆ హోరు పెరిగింది. దూదిదే అనుకుంది. వేరే రోజయితే ఈపాటికి గంప దించి గోడ పట్టుకునేదే.

గంప ముందు పడింది. ఆమె తర్వాత కూలింది. నెత్తళ్ళు వీధి పొడుగునా చిందాయి. ఎవరింటి కోళ్ళో పరిగెత్తుకొచ్చాయి. నేనూ తవిటమ్మా చెరో రెక్కా పట్టుకుని ఆమెను అరుగు మీదికి చేర్చాం. వాంతి చేసుకుంది. స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని, అదీ తిరుగుతోందని వదిలేసింది. మూసిన రెప్పల కింద కనుగుడ్లు పక్కకీ పక్కకీ కొట్టుకుంటున్నాయి. తవిటమ్మ కుడిపక్కన కూచుని, ఇక్కడే ఉన్నానే అని పదే పదే అంటోంది. అమ్మడి చెయ్యి ఎడమపక్కన నేల తడుముతోంది. నేను చూస్తున్నాను. ఆ చెయ్యి ఎంత వెతికినా అటు ఎవరూ లేరు.

అప్పుడామె చిటికెనవేలి గోటితో చెవిలోంచి ఆ దూది లాగి విసిరేసింది.

"పిలక్కా," అంది. "మళ్ళీ పిలు."

"ఒసే అమ్మడూ."

చెయ్యి తిన్నగా వచ్చి తవిటమ్మ మణికట్టు పట్టుకుంది. పోటు తీసేదాకా వదల్లేదు.

ఎండ అరుగు దాటాక లేచి కూచుంది. ఉప్పు వెయ్యని మజ్జిగ కాసిని తాగింది. "పొద్దున్నే ఫోన్ సేసి నెత్తళ్ళు తెస్తన్నానని సెప్పినాను గదక్కా. అన్నీ మట్టిపాలయిపోనాయి," అంది.

ఇక్కడ నా ముక్కు గుట్టు బయటపడింది. బస్సెక్కేముందు అమ్మడు రోజూ తవిటమ్మకి ఫోన్ చేసి సరుకు చెబుతుంది, ఆ ఫోన్ తవిటమ్మ నా పక్కనే కూచుని మాట్లాడుతుంది. ముక్కు మాటకొస్తే నాకు పన్నెండు నెలలూ పడిశమే. మల్లెపూవుకీ పేడకీ తేడా తెలిసి చాన్నాళ్ళయింది.

దూది సంగతంతా ఆమె అప్పుడే చెప్పింది. నేను సూది వేయించుకోమన్నాను. రెండు చెవులుండి నేను బాగుపడిందేమిటి, తవిటమ్మ మాట ఒక్కటైనా విన్నానా అన్నాను. ఆ మాటకి ఎప్పుడూ నవ్వేదే.

"నీకు తిరగదు బావా," అంది. "తిరిగితే తెలస్తాది. కళ్ళకి ఏదీ నిలబడదు. ఇల్లు నిలబడదు, మనిషి నిలబడడు. మా ఆయన పక్కన కూకుని ఏదో ఒకటి గొణుగుతాడు. ఆ గొణుగుడొక్కటే ఉన్నకాడ ఉంటాది. దాన్ని పట్టుకుని పడుంటాను."

"సూదేస్తే తిరగడమే ఆగిపోతాది గదే," అంది తవిటమ్మ.

"ఆగితే మంచిదే. ఆగకపోతేనో? ఇది పోనాక రెండోదానికి వస్తేనో? అప్పుడు మీరంతా ఎటున్నారని ఎతకను?"

మరి గంప సంగతేమిటని నేను అడిగాను. గంప అరుగు చివర పడుంది, అంచున ఒక బద్ద విరిగి. అమ్మడు దానికేసి చూసింది.

"ఒకపాలి పడ్డాది గదా బావా. దానికింక బయం పోనాది. పడతానే ఉంటాది."

మట్టి చెరిగి, బాగున్న నెత్తళ్ళు తవిటమ్మ మూట కడితే తీసుకోలేదు. సాయంత్రం బస్సుకి ఆమెను నేనే దిగబెట్టాను. తల మీద ఏమీ లేకుండా అమ్మడు నడవడం మా వీధి చూడడం అదే మొదటిసారి. పొట్టి మనిషి మరీ పొట్టిగా కనిపించింది. అంత కుదురైన నడకా ఇవాళ అడుగడుగునా నేలని అడిగి వేస్తున్నట్టుంది. బస్సు మెట్టెక్కుతూ రెండు చేతులా కడ్డీ పట్టుకుంది. గంప వదిలేశావని చెప్పబోయాను. తెలిసే వదిలేసిందని బస్సు కదిలాక తట్టింది.

మర్నాడు చీకటి పడకముందే ఫోన్ వచ్చింది. "సెవి ఉంచుకున్నాను బావా. గంప ఒగ్గేసినాను," అంది, అంతే. ఇప్పుడు వాళ్ళ పేటలో పాక కింద కూచుని పరుల చేపలకి ఉప్పు పడుతోంది. పోటు మానలేదు. మొన్నొకసారి మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా వదల్లేదట. నూకయ్యకి చెప్పడానికి మాటలైపోయి, వలకి ఎన్ని కన్నులుంటాయో లెక్క చెబుతూ కూచున్నాడట. తీసుకున్నది సరైన నిర్ణయమేనా అని దుర్గ మమ్మల్ని అడుగుతుంది. మేమేం చెప్పగలం? తవిటమ్మ వారానికోసారి ఫోన్ చేస్తుంది. కొన్నిసార్లు ఎత్తదు. ఎత్తని రోజున మా ఇంట్లో ఇద్దరమూ సరిగా తినం.

మా వీధికి ఇప్పుడు చేపల ఆటో వస్తోంది, మైకు పెట్టుకుని. అది పిలుస్తుంది గాని, మనం పిలిస్తే ఆగదు.

గంప పంపిస్తామంటే అమ్మడు వద్దంది. తవిటమ్మ అందులో ఎండుగడ్డి పరిచి కోడిపెట్టను పొదగేసింది. పుట్టిన పిల్లలన్నిటికీ నెత్తళ్ళ వాసనే. ఊళ్ళో పిల్లులన్నీ మా అరుగు కింద వరస కట్టి, ఇవి పిట్టలా చేపలా అని తేల్చుకోలేక వెర్రెత్తిపోయాయి.

ఆ కోడిపెట్ట నా కల్పన. గంప అరుగు చివర వెల్లకిలా, ఉత్తదే ఉంది. అందులో ఇంతవరకూ ఎవరం ఏమీ పెట్టలేదు.