వెనక వరుసలోంచి ఒకే ప్రశ్న

అమోస్ హాగ్నర్ మడతకుర్చీలను రెండేసి చొప్పున చంకన పెట్టుకొచ్చి వేస్తున్నాడు. మోకాలు మొరాయిస్తోంది. ఏళ్ళ తరబడి బడి బస్సు తోలిన మోకాలది. ఇప్పుడు ఓక్లహోమా కొండల్లోని ఈ చెరోకీ తెగవాళ్ళ సమాజమందిరం ఊడ్చడం, చరిత్ర ప్రసంగాల రోజున కాఫీ కాచడం అతని పని. ప్రసంగం ఎవరిదైనా అతను వినేది వంటగది కిటికీలోంచే. చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీ ఉండవు పాపం.

ఇవాళ్టి ప్రసంగం తూర్పున వదిలివచ్చిన పాత దేశాన్ని తెల్లవాళ్ళకు రాసిచ్చిన నాయకుల గురించి. జాతి భూమి అమ్మినవాడికి చావే శిక్షని అప్పటి కట్టుబాటు. సంతకం పెట్టినవాళ్ళలో కొందరిని, ఇక్కడికి వచ్చాక, సొంతవాళ్ళే చంపారు. చంపిందెవరో చెప్పడానికి ఎవరూ నోరు విప్పలేదు. అమోస్‌కు మాత్రం తెలుసు. ఎవరు చంపాలో తేల్చడానికి చీట్లు వేస్తే, గుర్తుపెట్టిన చీటీ తీసినవాళ్ళలో ఒకడు అతని ముత్తాత తండ్రి. పందిని కోస్తూ కోస్తూ నాన్న ఆ సంగతి చెప్పి, "ఇది మన గడప దాటకూడదు" అన్నాడు. కత్తి చేతిలో పట్టుకుని చెప్పిన మాట, ఎలా దాటిస్తాడు?

దాటించాలనే ఉంది, అదే అతని బాధ. చచ్చినవాళ్ళలో ఒకడి వంశంలోది ఒలీటక్క. ప్రతి ప్రసంగానికీ వస్తుంది. వెనక వరుసలో, వంటగది పక్కనే కూర్చుంటుంది. చివర్లో లేచి ఒకటే అడుగుతుంది: "మా తాతల తాతను చంపిందెవరు?" జనం నవ్వుతారు. అమోస్ గిన్నెలు గట్టిగా తోముతాడు. వచ్చే నెల చెబుదాం, ఆ పైనెల చెబుదాం అని మీనమేషాలు లెక్కపెడుతూనే జుట్టు నెరిసిపోయింది. కట్టుకున్నదానికైనా చెప్పలేదు, ఆమె కూడా కన్నుమూసింది.

ఇవాళ చెప్పితీరాలనుకున్నాడు, ఎందుకంటే ఒలీటక్క కూతురి చెయ్యి పట్టుకుని, ఆగి ఆగి మెట్లెక్కింది. ముఖంలో నెత్తురు లేదు.

"ఒరేయ్ అమోస్, నీది కాఫీ కాదురా, తారు. సగమే పొయ్యి," అంది.

ప్రసంగం ముగిసింది. అలవాటుగా తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆమె లేవలేదు.

"ఏం ఒలీటా, హంతకుడు దొరికాడా ఏమిటి?" అన్నాడు ముందు వరుసలోంచి ఓ ముసలాయన.

"అడిగి అడిగి నోరు నొప్పెట్టింది. చెప్పేవాడికి బుద్ధి పుట్టాలి కదా," అంది ఒలీటక్క.

అమోస్ భోజనాలయ్యాక చెబుదామనుకున్నాడు. భోజనాలయ్యాయి. ఈ మూకుడొక్కటీ తోమి వెళదామనుకున్నాడు. తోమిన మూకుణ్ణే మళ్ళీ తోమాడు. పిరికివాడికి పనులకేం కొదవ?

చేతులు తుడుచుకుని బయటికొచ్చేసరికి, ఆమె కూతురు డార్లీన్ కారు తలుపు తెరిచి పట్టుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. లోపల ఒలీటక్క బెల్టు పెట్టుకుని, ఇంటికి బయల్దేరినట్టే కూర్చుని ఉంది. ఊపిరి లేదు.

అంబులెన్సు వచ్చేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. ఇక ఆపుకోలేక అమోస్ అనేశాడు.

"డార్లీన్, మీ తాతల తాతను చంపినవాళ్ళలో మావాడొకడు ఉన్నాడమ్మా. ఆ వారమే మీవాళ్ళింట్లో భోంచేశాడట."

"అమ్మకు తెలుసు మావయ్యా. మా అమ్మమ్మ చెప్పిపోయింది."

"మరి ప్రతిసారీ అడిగేదేం?"

"నిన్నే అడిగేది. నీ గుండెల్లో బరువు దించుకుంటావేమోనని. లేకపోతే ఆ వంటగది పొగలో ఎందుకు కూర్చుంటుంది?"

చేతులు కాలాక ఆకులు. "చెప్పాల్సిందక్కా," అన్నాడు కారు లోపలికి వంగి. ఆ మాట అందుకోవలసిన మనిషి అందుకోలేదు.

దాదాపు అందరూ వెళ్ళాక తలుపులు వేద్దామని లోపలికొచ్చాడు. వంటసాయానికొచ్చిన చివరి ఆవిడ కోటు వేసుకుంటూ గట్టు వైపు చూపించింది. "అది నీకే. నువ్వు పొద్దున్నించీ ఏమీ తినలేదని ఒలీటక్క తీసిపెట్టింది. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు."

కాగితం పళ్ళెం. పైన కప్పిన పల్చటి అల్యూమినియం రేకు అంచులు నాలుగు వైపులా జాగ్రత్తగా నొక్కి ఉన్నాయి. లోపల అడవి ఉల్లికాడలు వేసి వండిన గుడ్లు, చిక్కుడుగింజల రొట్టె, అన్నీ చల్లారిపోయాయి.